ఆరుబయలు ఛాయాగ్రహణంలో విడి ఫ్లాష్

కెమెరాకు బిగించకుండా, దానికి కొంత దూరంలో స్టాండుపైనో, సహాయకుని చేతిలోనో ఉంచి వెలిగించే ఫ్లాష్‌ను విడి ఫ్లాష్ లేదా ఆఫ్ కెమెరా ఫ్లాష్ అంటారు. బ్యాటరీలతో పనిచేసే చిన్న ఫ్లాష్‌ను ఈ విధంగా ఆరుబయట ఉపయోగించుట ఛాయాగ్రహణంలో ఒక ముఖ్యమైన పద్ధతి. ఎండలో ముఖంపై పడే గాఢమైన నీడలను తగ్గించుటకు, ఎదురు వెలుగులో నిలబడిన వ్యక్తి ముఖం కనబడునట్లు చేయుటకు, సంధ్యాకాశపు రంగులను, మనిషి రూపాన్ని ఒకే చిత్రంలో నిలుపుటకు దీనిని వాడుతారు.

ఫ్లాష్ అనగానే చీకటిలో వాడే సాధనమని సాధారణ అభిప్రాయం. ఆరుబయట దీని పని అది కాదు. అక్కడ సూర్యుని వెలుగు ముందే ఉన్నది. ఆ వెలుగుతో ఫ్లాష్ వెలుగును ఏ పాళ్ళలో కలపాలన్నదే ఈ పద్ధతిలోని అసలు విషయం. ఈ పాళ్ళు షట్టరు వేగం, ఫ్లాష్ శక్తి, ఫ్లాష్‌కు మనిషికి మధ్య గల దూరం అనే మూడింటిపై ఆధారపడి ఉంటాయి.

## ఆవశ్యకత

మానవుని కన్ను ఎండను, నీడను ఒకేసారి చూడగలదు. చూపు ఒకచోటు నుండి మరొకచోటుకు మారినపుడల్లా కన్ను, మెదడు సర్దుకుంటాయి. కెమెరా అట్లు సర్దుకోలేదు. ఒక చిత్రానికి ఒకే ఎక్స్‌పోజరు ఉంటుంది. ఆకాశానికి తగినట్లు ఎక్స్‌పోజరు పెట్టినచో ఎదురు వెలుగులోని ముఖం నల్లబడుతుంది. ముఖానికి తగినట్లు పెట్టినచో ఆకాశం తెల్లగా వెలిసిపోతుంది.

ఉష్ణమండల ప్రాంతాలలో ఈ సమస్య మరింత ఎక్కువ. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. అక్కడ మే నెల రెండవ వారంలోను, తిరిగి ఆగస్టు తొలి రోజులలోను మధ్యాహ్నవేళ సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. అప్పుడు నుదురు, ముక్కు, భుజాలు మెరుస్తాయి. కనుగుంటలలోను, గడ్డం క్రింద గాఢమైన నీడ పడుతుంది. వేసవి ముహూర్తాలలో పగటిపూట జరిగే మంగళస్నానాలు, నిశ్చితార్థాలు, ఊరేగింపుల చిత్రాలలో కళ్ళు కనబడకపోవుటకు కారణం ఇదే. ఈ వేడుకలు మళ్ళీ జరగవు. ఎండ తగ్గేవరకు ఆగవు కూడా. కనుక వెలుతురును ఛాయాగ్రాహకుడే వెంట తీసుకొని వెళ్ళవలసి ఉంటుంది.

ఈ నీడలను తెల్లని అట్టతోనో, వెండిరంగు గుడ్డ తొడిగిన రిఫ్లెక్టరుతోనో కూడా తగ్గించవచ్చును. రిఫ్లెక్టరుకు బ్యాటరీ అక్కరలేదు, దాని ఫలితం కంటికి ముందే కనబడుతుంది. అయితే సూర్యుడు మబ్బుల చాటుకు వెళ్ళినపుడు అది పనిచేయదు. ఎదుటి మనిషి కళ్ళలో ఎడతెగకుండా వెలుగు పడి కళ్ళు చికిలించుకోవలసి వస్తుంది. ఫ్లాష్ వెలుగు క్షణకాలమే ఉంటుంది కనుక ఈ ఇబ్బంది తక్కువ.

### కెమెరా నుండి వేరుచేయుట ఎందుకు?

కెమెరాపైనే ఉన్న ఫ్లాష్ వెలుగు లెన్సు చూసే దిశలోనే పడుతుంది. ముఖంపై ఎత్తుపల్లాలను చూపే చిన్న నీడలు దీనివలన మాయమై ముఖం చదునుగా కనబడుతుంది. గదులలో ఫ్లాష్ తలను పైకి త్రిప్పి పైకప్పుకో, గోడకో కొట్టించి వెలుగును మెత్తబరుస్తారు. ఆరుబయట పైకప్పు, గోడ ఉండవు. కావున అక్కడ వెలుగు దిశను మార్చుటకు ఉన్న తేలిక మార్గం ఫ్లాష్‌నే ప్రక్కకు జరుపుట. సాధారణంగా మనిషికి ఎదురుగా కాక సుమారు 45 డిగ్రీలు ప్రక్కకు, తలకన్నా కొంత ఎత్తులో ఫ్లాష్‌ను ఉంచుతారు. ఈ స్థానంలో ముక్కు నీడ చెంపపై కొద్దిగా పడి ముఖానికి ఆకృతి వస్తుంది. కంటిపాపలో చిన్న వెలుగు చుక్క కనబడుతుంది.

## చరిత్ర

ఆరుబయట కృత్రిమమైన వెలుగుతో చిత్రాలు తీయుట విద్యుత్ ఫ్లాష్ కన్నా పాతది. 1887లో జర్మనీకి చెందిన అడాల్ఫ్ మీథే, యోహానెస్ గేడికే మెగ్నీషియం పొడిని ఇతర రసాయనాలతో కలిపి ఒక్కసారిగా మండే ఫ్లాష్ పౌడరును తయారుచేశారు. న్యూయార్కు నగరంలోని పేదల నివాసాలను చిత్రించిన జేకబ్ రీస్ ఈ విధానాన్ని తొలినాళ్ళలోనే చేపట్టాడు. ఆ చిత్రాల ఆధారంగా వెలువడిన ఆయన పుస్తకం "హౌ ది అదర్ హాఫ్ లివ్స్" 1890లో ప్రచురితమైనది. ఈ పొడి పొగను, మంటను పుట్టించేది. ప్రమాదాలకు కూడా దారితీసేది.

అమెరికాకు చెందిన జార్జ్ షిరాస్ మిషిగన్ రాష్ట్రంలోని సరస్సుల వద్ద రాత్రివేళ పడవపై నుండి ఫ్లాష్ పౌడరుతో వన్యమృగాల చిత్రాలు తీశాడు. ఈ చిత్రాలు 1906 జూలై నెల నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వెలువడినాయి. భారతదేశంలో అటవీశాఖ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ నాటి సంయుక్త రాష్ట్రాల (నేటి ఉత్తర ప్రదేశ్, ఉత్తరాఖండ్) అడవులలో 1920లలో ఇటువంటి కృషి చేశాడు. పులి నడిచే దారిలో తీగను కట్టి, అది తగలగానే కెమెరా, ఫ్లాష్ రెండూ పనిచేయునట్లు అమర్చి పులుల చిత్రాలు తీశాడు. తుపాకికి బదులు కెమెరాతో పులిని వెంబడించిన ఆయన అనుభవాల పుస్తకం "విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌లాండ్" 1927లో వెలువడినది. మృగం దారిన ఒకచోట కెమెరాను, మరొకచోట ఫ్లాష్‌ను అమర్చిన ఈ ఏర్పాట్లను విడి ఫ్లాష్‌కు తొలి ఉదాహరణలుగా చెప్పవచ్చును.

1929లో జర్మనీలో ఫ్లాష్ బల్బు అమ్మకానికి వచ్చింది. గాజుబుడ్డిలో ప్రాణవాయువు మధ్య పలుచని లోహపు రేకు మండే ఈ బల్బు పొగను బయటకు రానీయదు. ఒక బల్బు ఒకే చిత్రానికి పనికివచ్చేది. అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్ 1955 నుండి 1960 వరకు నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే ఆవిరి రైళ్ళను రాత్రివేళ ఈ బల్బులతో చిత్రించాడు. పట్టాల వెంట పదులకొద్దీ బల్బులను తీగలతో కలిపి ఒకేసారి వెలిగించేవాడు. సూర్యుని స్థానాన్ని తాను మార్చలేడు కనుక తనకు కావలసిన వెలుగును రాత్రిపూట తానే ఏర్పాటు చేసుకొన్నాడు. ఆవిరి యంత్రాల కాలం ముగుస్తున్న రోజులలో తీసిన చిత్రాలు కావున వీటికి చారిత్రక విలువ కూడా ఉన్నది.

నేటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కు మూలం మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడైన హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930లలో చేసిన పరిశోధనలు. వాయువు నింపిన గొట్టం గుండా విద్యుత్తును ఒక్కసారిగా పంపి అతి తక్కువ కాలం వెలిగే కాంతిని ఆయన సాధించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానం నుండి రాత్రివేళ నేలను చిత్రించుటకు కూడా ఆయన పెద్ద ఫ్లాష్‌లను నిర్మించాడు.

తరువాతి ముఖ్యమైన మార్పులు ఇవి:

* 1975లో వచ్చిన ఒలింపస్ ఓఎం-2 కెమెరాతో లెన్సు గుండా వచ్చే ఫ్లాష్ వెలుగును కెమెరాయే కొలిచే పద్ధతి ఆచరణలోకి వచ్చింది. దీనిని టీటీఎల్ అంటారు.
* 1986లో ఒలింపస్ ఎఫ్280 ఫ్లాష్ ఎక్కువ షట్టరు వేగాలలో కూడా పనిచేసే పద్ధతిని తెచ్చింది.
* 2012లో కెనాన్ 600ఈఎక్స్-ఆర్‌టీ ఫ్లాష్‌లో రేడియో సంకేతాల వ్యవస్థ లోపలే అమర్చబడినది.
* 2023లో సోనీ ప్రకటించిన ఆల్ఫా 9 మూడవ తరం కెమెరాలో గ్లోబల్ షట్టరు ఉన్నది. దీనిలో 1/80000 సెకను వరకు ఫ్లాష్‌ను సమన్వయపరచవచ్చును.

## నిర్మాణము, పనిచేయు విధానము

చిన్న ఫ్లాష్‌లలో సాధారణంగా నాలుగు పెన్సిల్ బ్యాటరీలో, ఒక లిథియం అయాన్ బ్యాటరీయో ఉంటుంది. బ్యాటరీ నుండి వచ్చే కొద్దిపాటి వోల్టేజిని లోపలి సర్క్యూట్ సుమారు 300 వోల్టులకు పెంచి కెపాసిటరులో నిలువ చేస్తుంది. జినాన్ వాయువు నింపిన గాజు గొట్టానికి మరింత హెచ్చు వోల్టేజితో ఒక సంకేతం అందగానే వాయువు విద్యుద్వాహకంగా మారుతుంది. అప్పుడు కెపాసిటరులోని విద్యుత్తు గొట్టం గుండా ప్రవహించి వెలుగునిస్తుంది.

పూర్తి శక్తిలో ఈ వెలుగు కొన్ని వందల వంతు నుండి వెయ్యో వంతు సెకను వరకు ఉంటుంది. శక్తిని తగ్గించినపుడు వెలుగు మందగించదు, అది ఉండే కాలమే తగ్గుతుంది. అతి తక్కువ శక్తిలో ఈ కాలం పదివేల వంతు సెకనుకన్నా తక్కువ. నీటి తుంపరలను, పురుగుల రెక్కలను కదలికలేనట్లు చిత్రించుటకు ఈ గుణమే తోడ్పడుతుంది.

## ఒకే చిత్రంలో రెండు వెలుగులు

ఆరుబయట ఫ్లాష్‌తో తీసిన ప్రతి చిత్రంలోను రెండు ఎక్స్‌పోజర్లు కలిసి ఉంటాయి. ఒకటి సూర్యునిది, మరొకటి ఫ్లాష్‌ది. కెమెరాలోని ఒక్కొక్క అమరిక వీటిపై వేర్వేరుగా ప్రభావం చూపుతుంది.

* షట్టరు వేగం: షట్టరు ఎంతసేపు తెరచి ఉంటే సూర్యుని వెలుగు అంతసేపు లోపలికి వస్తూనే ఉంటుంది. ఫ్లాష్ మాత్రం మధ్యలో క్షణకాలం వెలిగి ఆరిపోతుంది. కావున షట్టరు వేగం మార్చినచో వెనుకనున్న ఆకాశం, పరిసరాల వెలుగు మారుతుంది గాని ఫ్లాష్ వెలుగు మారదు.
* ఎపర్చరు: లెన్సులోని రంధ్రం పరిమాణం రెండు వెలుగులపైనా సమానంగా పనిచేస్తుంది.
* ఐఎస్ఓ: ఇది కూడా రెండు వెలుగులపైనా సమానంగా పనిచేస్తుంది.
* ఫ్లాష్ శక్తి, ఫ్లాష్ దూరం: ఇవి ఫ్లాష్ వెలుగును మాత్రమే మారుస్తాయి.

దీని నుండి తెలిసేది ఏమనగా, ఎండలో ఫ్లాష్ చాలనపుడు ఐఎస్ఓ పెంచుటవలన గాని, ఎపర్చరు తెరచుటవలన గాని ప్రయోజనం లేదు. ఫ్లాష్‌తో పాటు ఎండ కూడా అంతే హెచ్చుతుంది. ఎండపై ఫ్లాష్‌కు పైచేయి కావాలంటే షట్టరు వేగాన్ని అది అనుమతించే హద్దు వరకు పెంచాలి, లేదా ఫ్లాష్ శక్తిని పెంచాలి, లేదా ఫ్లాష్‌ను మనిషికి దగ్గరగా తేవాలి.

నాలుగవ మార్గం మనిషిని నీడలోనికి జరుపుట. చెట్టు నీడలోను, పందిరి అంచున వెలుగు సుమారు మూడు స్టాపులు, అనగా ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అక్కడ అదే చిన్న ఫ్లాష్ ఎండలోకన్నా ఎనిమిది రెట్లు బలమైనదిగా పనిచేస్తుంది. ఖరీదైన ఫ్లాష్ కొనుటకన్నా నాలుగు అడుగులు జరుగుట చాలాసార్లు మేలు.

## షట్టరు వేగానికి గల హద్దు

చాలా కెమెరాలలో సెన్సరు ముందు రెండు తెరలు గల ఫోకల్ ప్లేన్ షట్టరు ఉంటుంది. మొదటి తెర జరిగి సెన్సరును బయటపెడుతుంది, రెండవ తెర దాని వెనుకనే వచ్చి మూసివేస్తుంది. వేగం ఒక హద్దును దాటినచో మొదటి తెర పూర్తిగా జరగకముందే రెండవది బయలుదేరుతుంది. అప్పుడు సెన్సరు అంతా ఒకేసారి తెరచి ఉండదు. రెండు తెరల మధ్య సందు మాత్రమే సెన్సరుపై ప్రయాణిస్తుంది. ఆ సమయంలో ఫ్లాష్ వెలిగితే చిత్రంలో ఒక భాగానికే వెలుగు అందుతుంది, మిగిలిన భాగం నల్లని పట్టీగా కనబడుతుంది.

సెన్సరు పూర్తిగా తెరచి ఉండే అత్యధిక వేగాన్ని సింక్ వేగం అంటారు. ఇది చాలా కెమెరాలలో 1/160 నుండి 1/250 సెకను వరకు ఉంటుంది. ఈ హద్దును దాటుటకు గల మార్గాలు:

1. హై స్పీడ్ సింక్: ఫ్లాష్ ఒక్కసారిగా కాక, సందు ప్రయాణించినంతసేపు అతి వేగంగా మినుకుతూ వెలుగుతుంది. నల్లని పట్టీ రాదు. అయితే వెలుగులో చాలా భాగం మూసి ఉన్న తెరపై పడి వృథా అవుతుంది. అందువలన ఫ్లాష్ అందే దూరం బాగా తగ్గుతుంది, ఫ్లాష్ త్వరగా వేడెక్కుతుంది.
2. లీఫ్ షట్టరు: కొన్ని కెమెరాలలో షట్టరు లెన్సులోనే ఉంటుంది. దీనికి తెరల సమస్య లేదు కనుక ఎక్కువ వేగాలలో కూడా పూర్తి ఫ్లాష్ వెలుగు అందుతుంది.
3. గ్లోబల్ షట్టరు: సెన్సరులోని అన్ని బిందువులు ఒకేసారి చదవబడతాయి.
4. ఎన్‌డీ ఫిల్టరు: లెన్సు ముందు పెట్టే బూడిదరంగు అద్దం. మూడు స్టాపుల ఫిల్టరు పెట్టినచో ఎఫ్/11 బదులు ఎఫ్/4తో అదే షట్టరు వేగంలో చిత్రం తీయవచ్చును. వెనుకటి దృశ్యం మసకగా రావలసిన చిత్రాలకు ఇది చవకైన మార్గం. ఇది రెండు వెలుగులను సమానంగా తగ్గిస్తుంది కనుక ఎండపై ఫ్లాష్‌కు అదనపు బలమేమీ రాదు.

## గైడ్ నంబరు, దూరము

ఫ్లాష్ సామర్థ్యాన్ని గైడ్ నంబరుతో సూచిస్తారు. గైడ్ నంబరును ఎపర్చరు సంఖ్యతో భాగించినచో ఫ్లాష్ మనిషికి ఎంత దూరంలో ఉండాలో తెలుస్తుంది. ఇందులో దూరం ఫ్లాష్ నుండి మనిషికి కొలవాలి, కెమెరా నుండి కాదు. విడి ఫ్లాష్ వాడేటప్పుడు కెమెరా ఎంత దూరమైనా ఉండవచ్చును. తయారీదారులు ప్రకటించే సంఖ్య సాధారణంగా ఫ్లాష్ తలను అత్యధిక జూమ్‌లో ఉంచి కొలిచినది. వెలుగు వెడల్పుగా పరచుకొన్నపుడు అది తగ్గుతుంది.

నిర్మలమైన ఎండలో ఐఎస్ఓ 100 వద్ద 1/200 సెకను షట్టరు వేగానికి సుమారు ఎఫ్/11 ఎపర్చరు సరిపోతుంది. ఐఎస్ఓ 100 వద్ద గైడ్ నంబరు 36 (మీటర్లలో) గల ఫ్లాష్‌ను పూర్తి శక్తిలో వాడినపుడు దూరాలు ఈ క్రింది విధంగా ఉంటాయి. గొడుగు రెండు స్టాపుల వెలుగును తీసుకొంటుందని లెక్క.

| ఎపర్చరు | ఫ్లాష్ నేరుగా | గొడుగుతో |
|---|---|---|
| ఎఫ్/5.6 | 6.4 మీటర్లు | 3.2 మీటర్లు |
| ఎఫ్/8 | 4.5 మీటర్లు | 2.3 మీటర్లు |
| ఎఫ్/11 | 3.3 మీటర్లు | 1.6 మీటర్లు |
| ఎఫ్/16 | 2.3 మీటర్లు | 1.1 మీటర్లు |

ఆకాశాన్ని ఒక స్టాపు ముదురుగా చూపాలంటే ఎఫ్/16 పెట్టాలి. అప్పుడు గొడుగు మనిషికి ఒక మీటరు దూరంలోకి రావాలి. ముఖం, ఛాతీ వరకు తీసే చిత్రానికి ఇది సాధ్యమే. నిలువెత్తు చిత్రంలోను, పదిమంది గల బృంద చిత్రంలోను గొడుగు కూడా చిత్రంలో పడుతుంది. నడి ఎండలో ఒక చిన్న ఫ్లాష్‌తో చేయగలిగినది, చేయలేనిది ఈ పట్టిక చూపుతుంది.

ఫ్లాష్‌ల సంఖ్యను రెట్టింపు చేసినచో ఒక స్టాపు వెలుగు మాత్రమే హెచ్చుతుంది. అందే దూరం రెట్టింపు కావాలంటే అటువంటి ఫ్లాష్‌లు నాలుగు కావాలి. చిన్న ఫ్లాష్‌ల శక్తి సాధారణంగా 50 నుండి 80 జౌళ్ళు. బ్యాటరీతో పనిచేసే పెద్ద ఫ్లాష్‌లు 200, 400, 600 జౌళ్ళలో లభిస్తాయి. ఎండలో నిలువెత్తు చిత్రాలు తీసేవారు వీటిని ఎన్నుకొనుటకు కారణం ఇదే.

### విలోమ వర్గ నియమము

ఫ్లాష్ నుండి దూరం రెట్టింపైనపుడు వెలుగు నాలుగో వంతు అవుతుంది. సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కనుక నాలుగడుగులు ముందుకో వెనుకకో జరిగినా ఎండ మారదు. బృంద చిత్రాలలో ఈ భేదం ముఖ్యం. ఫ్లాష్‌కు 1 మీటరు దూరంలో ఉన్నవారికి, 2 మీటర్ల దూరంలో ఉన్నవారికి మధ్య వెలుగు భేదం నాలుగు రెట్లు. అదే 4 మీటర్లు, 5 మీటర్లు అయినచో భేదం ఒకటిన్నర రెట్లు మాత్రమే. కావున బృందానికి ఫ్లాష్‌ను దూరంగా, ఎత్తుగా ఉంచి శక్తి పెంచుతారు. ఒకరికైతే దగ్గరగా ఉంచుతారు.

## ఫ్లాష్‌ను వెలిగించే మార్గాలు

* తీగ: అన్నిటికన్నా చవకైనది. బ్యాటరీ అయిపోవుట, సంకేతం అందకపోవుట ఉండదు. కాలికి తగిలి స్టాండు పడిపోయే ప్రమాదం ఉన్నది.
* కాంతి సంకేతం: మరొక ఫ్లాష్ వెలుగును చూసి ఈ ఫ్లాష్ వెలుగుతుంది. గదులలో బాగా పనిచేసే ఈ పద్ధతి ఎండలో తరచు విఫలమవుతుంది. రెండు ఫ్లాష్‌ల మధ్య అడ్డం ఉన్నా పనిచేయదు. వేడుకలలో ఇతరుల ఫ్లాష్‌లకు కూడా వెలిగే అవకాశం ఉన్నది.
* రేడియో ట్రిగ్గరు: ప్రస్తుతం విస్తారంగా వాడబడుతున్నది. చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేస్తుంది. ఎండ దీనికి ఆటంకం కాదు. ఒకేచోట పలువురు ఉన్నపుడు ఛానెల్ మార్చుకోవాలి.

ఫ్లాష్ శక్తిని టీటీఎల్ పద్ధతిలో కెమెరాకు వదలవచ్చును, లేదా మాన్యువల్ పద్ధతిలో చేతితో అమర్చవచ్చును. మనిషి, ఫ్లాష్ మధ్య దూరం మారుతూ ఉండే ఊరేగింపు వంటి సందర్భాలలో టీటీఎల్ ఉపయోగకరం. దూరం మారనపుడు మాన్యువల్ మేలు. తెల్లచీర వచ్చినా, నల్లకోటు వచ్చినా వెలుగు మారకుండా ఉంటుంది.

## వెలుగును మెత్తబరచుట

వెలుగు వచ్చే తలం మనిషివైపు నుండి చూసినపుడు ఎంత పెద్దదిగా కనబడితే నీడల అంచులు అంత మెత్తగా ఉంటాయి. ఫ్లాష్ ముఖం కొన్ని సెంటీమీటర్లే కనుక దాని నీడ పదునుగా ఉంటుంది. తెల్లని గొడుగు, సాఫ్ట్‌బాక్స్, పెద్ద తెల్లని గుడ్డ ఈ తలాన్ని పెద్దదిగా చేస్తాయి. ఒక మీటరు గొడుగు నాలుగు మీటర్ల దూరంలో ఉన్నపుడు దాని ప్రయోజనం చాలావరకు పోతుంది. గాలిలో గొడుగు తెరచాపవలె పనిచేసి స్టాండును పడవేస్తుంది; ఇసుక సంచిని కట్టుట, లేదా ఒక మనిషి పట్టుకొని నిలుచుట అవసరం. గాలి ఎక్కువగా ఉండే సముద్రతీరంలో గొడుగు లేకుండా ఫ్లాష్‌ను నేరుగా వాడుట సురక్షితం.

### మేని ఛాయ

చామనచాయ, నల్లని మేను గలవారిని చిత్రించుటలో ఈ మెత్తని వెలుగుకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ముదురు రంగు చర్మంపై ఆకృతిని చూపేది చాలావరకు చర్మపు తళుకే. చిన్న ఫ్లాష్ నేరుగా పడినపుడు ఈ తళుకు నుదుటిపైన, ముక్కుపైన తెల్లని మచ్చలుగా మారుతుంది. పెద్ద గొడుగు ప్రక్కనుండి పడినపుడు అదే తళుకు విశాలంగా పరచుకొని ముఖరేఖలను స్పష్టంగా చూపుతుంది.

తెల్లని చొక్కా, పంచె ధరించినవారి విషయంలో మరొక చిక్కు ఉన్నది. ముఖానికి కావలసిన వెలుగు బట్టపై పడితే బట్ట మడతలు వెలిసిపోతాయి. ఫ్లాష్‌ను పైకెత్తి, బట్టపై కాక ముఖంవైపు త్రిప్పినచో ఈ భేదం తగ్గుతుంది. ఫ్లాష్ ఉద్దేశ్యం ముఖాన్ని తెల్లగా చూపుట కాదు; నీడలో దాగిన అసలు రంగును, కళ్ళను కనబడునట్లు చేయుట. శక్తి ఎక్కువైనచో మేని రంగు పాలిపోయి, మనిషిని అక్కడ అతికించినట్లు కనబడుతుంది. ఎండకన్నా ఒకటి రెండు స్టాపులు తక్కువగా పడే ఫ్లాష్ చాలాసార్లు చూపరికి తెలియనే తెలియదు.

## వెలుగు రంగు

ఫ్లాష్ వెలుగు రంగు సుమారు 5500 కెల్విన్లు, అనగా పగటి వెలుగుకు దగ్గరగా ఉంటుంది. సూర్యాస్తమయ సమయంలో ఎండ బంగారు రంగుకు తిరుగుతుంది. అప్పుడు ఫ్లాష్ పడిన ముఖం నీలితెలుపుగా, పరిసరాలు పసుపుగా కనబడి పొంతన కుదరదు. ఫ్లాష్ ముందు నారింజరంగు జెల్ కాగితం అతికించినచో రెండూ కలుస్తాయి.

రంగు గుడ్డల షామియానాల క్రింద ఇందుకు భిన్నమైన సమస్య ఎదురవుతుంది. ఎర్రని, పసుపుపచ్చని గుడ్డ గుండా వచ్చే ఎండ ముఖాలకు ఆ రంగునే పులుముతుంది. దీనిని తరువాత కంప్యూటరులో సరిచేయుట కష్టం. అక్కడ ఫ్లాష్ వెలుగును ప్రధానం చేసి, షట్టరు వేగం పెంచి పరిసరాల వెలుగును తగ్గించినచో చర్మపు రంగు సహజంగా వస్తుంది.

## పని క్రమము

1. కెమెరాను మాన్యువల్ పద్ధతిలో ఉంచి, ఐఎస్ఓను కనిష్ఠంగా, షట్టరును సింక్ వేగానికి అమర్చాలి.
2. వీలైనచో మనిషిని సూర్యునికి వీపు పెట్టి నిలబెట్టాలి. జుట్టు, భుజాల అంచులపై ఎండ మెరుస్తుంది; కళ్ళు చికిలించుకోవలసిన పని ఉండదు.
3. ఫ్లాష్‌ను ఆపి ఉంచి, ఆకాశం కోరిన విధంగా వచ్చేవరకు ఎపర్చరును మార్చి చూడాలి. ఈ దశలో ముఖం నల్లగా ఉండుట సహజం.
4. ఫ్లాష్‌ను సూర్యునికి ఎదురు దిక్కున, ప్రక్కగా నిలిపి తక్కువ శక్తితో ప్రారంభించాలి.
5. ముఖం సరిపోయేవరకు శక్తిని పెంచాలి. పూర్తి శక్తి కూడా చాలనపుడు ఫ్లాష్‌ను దగ్గరకు జరపాలి.
6. ఒక్కొక్కసారి ఒక్క అమరికనే మార్చాలి. రెండు మూడు ఒకేసారి మార్చినచో దేనివలన ఏ మార్పు వచ్చినదో తెలియదు.

సూర్యాస్తమయం తరువాత ఆకాశపు వెలుగు నిమిషాలలో తగ్గిపోతుంది. ఆ సమయంలో ఫ్లాష్ అమరికను అట్లే ఉంచి, షట్టరు వేగాన్ని మాత్రం క్రమంగా తగ్గిస్తూ పోతే ముఖం, ఆకాశం రెండూ నిలుస్తాయి.

## జాగ్రత్తలు, నియమాలు

* ఫ్లాష్‌ను విప్పరాదు. బ్యాటరీలు తీసివేసిన తరువాత కూడా కెపాసిటరులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలువ ఉండవచ్చును.
* పాత ఫ్లాష్‌లలో కొన్నిటి ట్రిగ్గరు వోల్టేజి 200 వోల్టులకు పైగా ఉంటుంది. వీటిని నేటి కెమెరాలకు నేరుగా తగిలించినచో కెమెరా పాడైపోవచ్చును. రేడియో ట్రిగ్గరు ద్వారా వాడేటప్పుడు కూడా ఆ ట్రిగ్గరు ఎంత వోల్టేజికి తట్టుకొంటుందో చూసుకోవాలి.
* పూర్తి శక్తిలో వెంటవెంటనే వెలిగించినచో ఫ్లాష్ వేడెక్కుతుంది. వేసవిలో ఎండలో నిలిపిన కారులో ఫ్లాష్‌ను, బ్యాటరీలను వదలరాదు.
* విమాన ప్రయాణంలో విడి లిథియం బ్యాటరీలను చేతిసంచిలోనే తీసుకొని వెళ్ళాలి. సామానుతో పాటు పంపుట నిషిద్ధం.
* వానలోను, సముద్రపు తుంపరలలోను ఫ్లాష్‌కు ప్లాస్టిక్ సంచి తొడగాలి. ఉప్పునీరు లోహపు కొనలను తినివేస్తుంది.
* వాహనాలు నడిపేవారి కళ్ళలో పడునట్లు రహదారులపై ఫ్లాష్ వెలిగించరాదు. పసిపిల్లల కళ్ళకు మరీ దగ్గరగా కూడా వెలిగించరాదు.
* భారత పురావస్తు శాఖ పరిధిలోని కట్టడాలలో త్రిపాది, స్టాండు వంటివి వాడుటకు ముందుగా అనుమతి పొందాలి. అజంతా గుహలలో వర్ణచిత్రాల రక్షణార్థం ఫ్లాష్ నిషేధింపబడినది.
* అభయారణ్యాలలో ఫ్లాష్ సాధారణంగా నిషిద్ధం. రాత్రివేళ తిరిగే జంతువుల, పక్షుల కళ్ళు హఠాత్తుగా పడే వెలుగుకు చెదరి, కొంతసేపు చూపుకు ఇబ్బంది కలుగవచ్చును. గూటిలోని పక్షులపై ఫ్లాష్ వాడుటను ప్రకృతి ఛాయాగ్రాహకులు తప్పుగా భావిస్తారు.

## ఇవి కూడా చూడండి

* ఛాయాగ్రహణం
* కెమెరా
* కాంతి
* హెరాల్డ్ ఎడ్జర్టన్
* విలోమ వర్గ నియమం